కార్ ఆంప్లిఫయర్‌కి ఏ వైర్ వేయాలి? ఎన్ని ఆంపియర్ల వరకు సేఫ్? గేజ్, ఫ్యూజ్, సీసీఏ పూర్తి లెక్క

ఆంప్లిఫయర్ కొనేటప్పుడు బ్రాండ్ చూస్తాం, వాట్స్ చూస్తాం, పది రివ్యూలు చదువుతాం. వైర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒక కిట్ ఇవ్వన్నా" అనేస్తాం. కానీ నిప్పు పుట్టే ఛాన్స్ ఆ కిట్‌లోనూ ఉంటుంది. బ్యాటరీ దగ్గర మొదలై, కార్పెట్ కింద, సీట్ల కింద నుంచి డిక్కీ దాకా పోయే 5 మీటర్ల వైర్ అది. అది వేడెక్కితే మనకు కనపడదు, వాసన వచ్చేదాకా తెలియదు.

కదిరి రోడ్డులో అంగళ్లు నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా ఒకే హైవే, ఎన్‌హెచ్ 42. ఈ రూట్‌లో కాలేజీ కుర్రాళ్ల సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌లు, టమోటా ఎత్తే పికప్‌లు, వినాయక చవితికి సౌండ్ బాక్సులు కట్టుకునే ట్రాక్టర్లు అన్నీ కనిపిస్తాయి. సామాను కొందరు ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు, కొందరు బెంగళూరు జేసీ రోడ్డుకి పోయి తెచ్చుకుంటారు. ఎక్కడ కొన్నా ప్రశ్న ఒకటే: ఈ వైర్ నిజంగా ఎన్ని ఆంపియర్లు మోస్తుంది? ఈ ఆర్టికల్‌లో దాన్ని స్టెప్ బై స్టెప్ చూద్దాం. లెక్కలు ఇంటర్ ఫిజిక్స్ దాటవు, భయపడకండి.

స్టెప్ 1: వాట్స్‌ని ఆంపియర్లలోకి మార్చండి

బాక్స్ మీద "1500 వాట్స్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టండి. మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్ పవర్. అమెరికాలో సీటీఏ-2006 అనే స్టాండర్డ్ ఉంది. దాని ప్రకారం 14.4 వోల్ట్‌ల దగ్గర, 4 ఓమ్‌ల లోడ్‌కి, డిస్టార్షన్ 1 శాతం దాటకుండా ఎంత పవర్ వస్తుందో అదే రాయాలి. బాక్స్ మీద ఈ స్టాండర్డ్ పేరు ఉంటే ఆ నంబర్‌ని నమ్మొచ్చు.

అది లేకపోతే ఒక ఈజీ ట్రిక్ ఉంది. ఆంప్లిఫయర్ పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజ్ చూడండి. ఒకే ఒక 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉందనుకుందాం. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు కారు వోల్టేజ్ సుమారు 13.8. అంటే 30 × 13.8 = 414 వాట్స్ లోపలికి పోతాయి. క్లాస్-డి ఆంప్లిఫయర్ అందులో దాదాపు 80 శాతం స్పీకర్‌కి ఇస్తుంది, అంటే 330 వాట్స్. మరి 1500 ఎక్కడి నుంచి వచ్చినట్టు? స్టిక్కర్ నుంచి!

ఫార్ములా ఇది: ఆర్‌ఎంఎస్ వాట్స్‌ని ఎఫిషియెన్సీతో భాగించండి, వచ్చినదాన్ని 13.8తో భాగించండి. క్లాస్-డికి 0.8, క్లాస్-ఏబీకి 0.55 వేసుకుంటే సరిపోతుంది.

500 వాట్స్ ఆర్‌ఎంఎస్ క్లాస్-డి అయితే: 500 ÷ 0.8 = 625 వాట్స్. 625 ÷ 13.8 = 45 ఆంపియర్లు. అదే 500 వాట్స్ క్లాస్-ఏబీలో అయితే 66 ఆంపియర్లు. పవర్ ఒకటే, వైర్ మాత్రం మారిపోతుంది.

పాట ఎప్పుడూ ఫుల్ పవర్‌లో మోగదు, సగటు కరెంట్ ఇందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు అని కొందరు అంటారు. మామూలు పాటలకు అది నిజమే. కానీ ఆగకుండా బేస్ కొట్టే డీజే ట్రాక్‌లు పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పితే ఆ సగటు పైకి ఎక్కేస్తుంది. అందుకే వైర్‌ని ఎప్పుడూ ఫుల్ కరెంట్‌కే లెక్కేయాలి.

స్టెప్ 2: వైర్ ఎందుకు వేడెక్కుతుంది?

ప్రతి వైర్‌కీ కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది. అందులో పుట్టే వేడి = కరెంట్ × కరెంట్ × రెసిస్టెన్స్. ఇక్కడ కరెంట్ రెండు సార్లు గుణిస్తున్నాం, గమనించండి. కరెంట్ డబుల్ అయితే వేడి నాలుగు రెట్లు అవుతుంది.

8 గేజ్ రాగి వైర్ తీసుకుందాం. మీటరుకు సుమారు 2.06 మిల్లీ ఓమ్‌లు. 50 ఆంపియర్లు పోతే మీటరుకు 5 వాట్స్ వేడి. గాలి తగిలే చోట వైర్ చుట్టుపక్కల కంటే ఓ 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, ఇబ్బంది లేదు. అదే వైర్‌లో 80 ఆంపియర్లు పంపితే మీటరుకు 13 వాట్స్. స్థూలంగా లెక్కేసినా 50 డిగ్రీలు పైకి పోతుంది. ఎండలో నిలబెట్టిన కారు లోపల అప్పటికే 45, 50 డిగ్రీలు ఉంటాయి. రెండూ కలిపితే 100. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలకే రేటింగ్ ఉంటుంది.

మదనపల్లె చల్లటి ఊరు, హార్స్‌లీ హిల్స్ పక్కనే ఉంది కదా అనుకోవద్దు. బానెట్ కింద ఇంజన్ వేడికి ఊరితో సంబంధం లేదు. అందుకే వాహనాల వైర్లకు ఐఎస్‌ఓ 6722 స్టాండర్డ్‌లో వేరే క్లాసులు ఉన్నాయి: క్లాస్-ఏ 85 డిగ్రీలు, క్లాస్-బీ 100, క్లాస్-సీ 125. బానెట్ కింద పోయే వైర్ 100 డిగ్రీలకు తక్కువ ఉండకూడదు.

ఇంకో విషయం, కార్పెట్ కింద ఉన్న వైర్‌కి గాలి తగలదు. పుట్టిన వేడి బయటికి పోయే దారి తక్కువ. వైర్ పొడవు ఎక్కువై మిగిలిందని చుట్టగా చుట్టి సీటు కింద తోసేస్తే అక్కడ వేడి ఇంకా పేరుకుంటుంది. మిగిలితే కట్ చేయండి.

స్టెప్ 3: సేఫ్ లిమిట్ టేబుల్

కింద ఇచ్చినవి కాస్త జాగ్రత్తగా వేసుకున్న లిమిట్‌లు. కొన్ని కిట్‌ల మీద ఇంతకంటే ఎక్కువ రాసి ఉంటుంది. మన ఎండలకు, కార్పెట్ కింద వైరింగ్‌కి ఇవి పెట్టుకుంటే నిశ్చింత.

| గేజ్ | చదరపు మి.మీ. | మీటరుకు మిల్లీ ఓమ్‌లు (రాగి) | రాగికి గరిష్ఠ ఫ్యూజ్ | సీసీఏకి గరిష్ఠ ఫ్యూజ్ |
|---|---|---|---|---|
| 10 | 5.3 | 3.3 | 30 ఆంపియర్లు | 20 ఆంపియర్లు |
| 8 | 8.4 | 2.1 | 50 ఆంపియర్లు | 30 ఆంపియర్లు |
| 4 | 21.2 | 0.82 | 100 ఆంపియర్లు | 70 ఆంపియర్లు |
| 2 | 33.6 | 0.51 | 150 ఆంపియర్లు | 100 ఆంపియర్లు |
| 0 | 53.5 | 0.32 | 250 ఆంపియర్లు | 150 ఆంపియర్లు |

గేజ్ నంబర్ తగ్గే కొద్దీ వైర్ లావు అవుతుంది, ఇది మర్చిపోవద్దు. 3 నంబర్లు తగ్గితే రాగి డబుల్ అవుతుంది.

స్టెప్ 4: సీసీఏ అంటే ఏంటి? ఎందుకు తక్కువ మోస్తుంది?

అసలు కథ ఇక్కడే ఉంది. చవక కిట్‌లలో ఎక్కువ శాతం వైర్లు పూర్తి రాగి కాదు. లోపల అల్యూమినియం, పైన పలచగా రాగి పూత. దీన్నే సీసీఏ అంటారు. పూర్తి రాగి వైర్‌ని ఓఎఫ్‌సీ అని అమ్ముతారు.

అల్యూమినియం రెసిస్టెన్స్ రాగి కంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువ. గేజ్ పద్ధతిలో 2 నంబర్లు తగ్గితే లోహం సరిగ్గా 1.6 రెట్లు దగ్గరగా పెరుగుతుంది. అంటే రూల్ చాలా సింపుల్: సీసీఏ వైర్‌ని 2 నంబర్లు సన్నని రాగి వైర్ కింద లెక్కేయండి. 4 గేజ్ సీసీఏ అంటే 6 గేజ్ రాగి. 0 గేజ్ సీసీఏ అంటే 2 గేజ్ రాగి. టేబుల్‌లో చివరి కాలమ్ అలా వచ్చిందే.

సీసీఏ వాడితే తప్పా? కాదు. లిమిట్ తెలుసుకుని లావు వైర్ వేస్తే పని చేస్తుంది. తప్పు ఎక్కడంటే, సీసీఏని రాగి లెక్కలో వాడడం. ఇంకో బలహీనత కూడా ఉంది: అల్యూమినియం స్క్రూ కింద నొక్కితే మెల్లగా సాగుతుంది, గాలి తగిలితే తుప్పు పొర కడుతుంది. జాయింట్ లూజ్ అవుతుంది, లూజైన చోటే వేడి పుడుతుంది. సీసీఏ వేసినవాళ్లు రెండు మూడు నెలలకోసారి టెర్మినల్ స్క్రూలు టైట్ చేసుకోవాలి.

స్టెప్ 5: మీ దగ్గరున్న వైర్ రాగేనా? మూడు టెస్ట్‌లు

గీకే టెస్ట్: ఒక పోగు తీసి బ్లేడ్‌తో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. లోపల వెండి రంగు కనిపిస్తే సీసీఏ. బయట వెండి రంగు, లోపల ఎరుపు ఉంటే కంగారు పడకండి, అది తగరం పూత ఉన్న రాగి, ఇంకా మంచిది.

తూకం టెస్ట్: అర మీటరు వైర్ తీసి, తొడుగు ఒలిచి, లోహాన్ని మాత్రమే కిచెన్ స్కేల్ మీద పెట్టండి. నిజమైన 4 గేజ్ రాగి అయితే 95 గ్రాముల దగ్గర తూగాలి. సీసీఏ అయితే 35 గ్రాములే. మధ్యలో 60 గ్రాములు వచ్చి, గీకితే ఎరుపే కనిపిస్తే? రాగే, కానీ 4 గేజ్ కాదు. తొడుగు లావుగా పోసి లోపల లోహం తగ్గించారన్నమాట. మార్కెట్‌లో ఇది మామూలే.

బల్బ్ టెస్ట్: వైర్ కోయడం ఇష్టం లేనివాళ్లకి ఇది బెస్ట్. హెడ్‌లైట్ బల్బ్ ఒకటి తీసుకోండి, 55 వాట్స్‌ది 12 వోల్ట్‌ల దగ్గర దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి చిన్న ఫ్యూజ్, అక్కడి నుంచి మీ 5 మీటర్ల వైర్, తర్వాత బల్బ్, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్. బల్బ్ వెలుగుతున్నప్పుడు మల్టీమీటర్‌ని 200 మిల్లీ వోల్ట్‌ల రేంజ్‌లో పెట్టి, వైర్ రెండు చివర్లలో లోహం మీదే ప్రోబ్‌లు ఆనించండి. 4 గేజ్ రాగి అయితే 20 మిల్లీ వోల్ట్‌లు, సీసీఏ అయితే 33 చూపిస్తుంది. 8 గేజ్‌లో అయితే 51, 82. మల్టీమీటర్‌లో 10 ఆంపియర్ల రేంజ్ ఉంటే ముందు అసలు కరెంట్ కొలుచుకోండి, లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది.

మల్టీమీటర్ ఓమ్ రేంజ్‌లో నేరుగా కొలిస్తే పనికిరాదు. 4 మిల్లీ ఓమ్‌ల వైర్ కంటే ప్రోబ్‌ల రెసిస్టెన్స్ ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. అంగళ్లు మిట్స్‌లో ఈసీఈ, ఈఈఈ చదివేవాళ్లకి ఇది తెలిసిన సంగతే: కరెంట్ ఒక జత వైర్ల మీద, వోల్టేజ్ ఇంకో జత మీద. ల్యాబ్‌లో కెల్విన్ పద్ధతి అంటారు. మన బల్బ్ టెస్ట్ దానికి లోకల్ వెర్షన్.

స్టెప్ 6: ఒక సెటప్ మొత్తం లెక్కేద్దాం

హ్యాచ్‌బ్యాక్‌లో 500 వాట్స్ ఆర్‌ఎంఎస్ క్లాస్-డి సబ్ వూఫర్ ఆంప్లిఫయర్ ఒకటి, నాలుగు డోర్ స్పీకర్లకి ఒక్కో ఛానల్ 50 వాట్స్ ఇచ్చే క్లాస్-ఏబీ ఆంప్లిఫయర్ ఒకటి అనుకుందాం.

మొదటిది 45 ఆంపియర్లు. రెండోది 200 ÷ 0.55 ÷ 13.8 = 26 ఆంపియర్లు. మొత్తం 71.

8 గేజ్ రాగి: లిమిట్ 50, కాబట్టి కుదరదు. పైగా 5 మీటర్లలో 0.73 వోల్ట్ పోతుంది.

4 గేజ్ సీసీఏ: లిమిట్ 70. మన అవసరం 71. ఒక్క ఆంపియరే కదా అనిపిస్తుంది, కానీ ఇక్కడ మార్జిన్ సున్నా. 0.46 వోల్ట్ డ్రాప్.

4 గేజ్ రాగి: లిమిట్ 100, డ్రాప్ 0.29 వోల్ట్. ఇదే కరెక్ట్. దీనికి 80 ఆంపియర్ల ఫ్యూజ్ వేయాలి.

డ్రాప్ అర వోల్ట్ లోపు ఉండేలా చూసుకోండి. అంతకు మించితే బేస్ కొట్టినప్పుడల్లా ఆంప్లిఫయర్‌కి వోల్టేజ్ పడిపోతుంది, సౌండ్ పగులుతుంది. చాలామంది ఇది చూసి ఆంప్లిఫయర్ బాగాలేదని మార్చేస్తారు. మార్చాల్సింది వైర్.

ఒక్క విషయం: ఆల్టర్నేటర్ కెపాసిటీ కూడా చూసుకోండి. వైర్ ఎంత లావు వేసినా ఆల్టర్నేటర్ ఇచ్చేదానికంటే ఎక్కువ లాగితే మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. ఏసీ, హెడ్‌లైట్లు ఆన్‌లో పెట్టి ఫుల్ వాల్యూమ్‌లో తిరిగితే పొద్దున్నే సెల్ఫ్ కొట్టదు.

స్టెప్ 7: ఫ్యూజ్ ఆంప్లిఫయర్ కోసం కాదు, వైర్ కోసం

ఇది ఒక్కటి గుర్తున్నా చాలు. ఆంప్లిఫయర్‌కి దాని సొంత ఫ్యూజ్ ఉంది. బ్యాటరీ దగ్గర పెట్టే మెయిన్ ఫ్యూజ్ కేవలం వైర్‌ని కాపాడడానికి.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. సీటు పట్టాల కింద నలిగి 8 గేజ్ వైర్ బాడీకి తగిలింది. బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ 7 మిల్లీ ఓమ్‌లు, వైర్‌ది 10 అనుకుంటే సుమారు 700 ఆంపియర్లు ప్రవహిస్తాయి. మీటరు వైర్‌లో 1000 వాట్స్ వేడి, అంటే ఒక ఇస్త్రీ పెట్టె అంత. ఆ మీటరులో ఉన్న రాగి 75 గ్రాములే. ఉష్ణోగ్రత సెకనుకు 35 డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. 5 సెకన్లలో 200 డిగ్రీలు దాటి తొడుగు కరిగిపోతుంది. పైన కార్పెట్, దాని పైన సీటు. బండి ఆపి దిగే టైమ్ కూడా సరిపోదు.

సరైన ఫ్యూజ్ ఉంటే ఇదంతా సెకను లోపే ఆగిపోతుంది.

• ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య ఉన్న ముక్కకి ఏ రక్షణా లేదు, అందుకే అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

• ఫ్యూజ్ విలువ మీ అవసరం కంటే ఎక్కువ, వైర్ లిమిట్ కంటే తక్కువ ఉండాలి. రెండూ కుదరకపోతే ఫ్యూజ్ పెంచకండి, వైర్ లావు చేయండి.

• ఫ్యూజ్ రాసిన నంబర్ దగ్గరే టక్కున తెగదు. బ్లేడ్ ఫ్యూజ్ రేటింగ్ కంటే 35 శాతం ఎక్కువ కరెంట్ పోయినా తెగడానికి నిమిషాలు పట్టొచ్చు. లిమిట్‌కి సరిగ్గా అంచున ఫ్యూజ్ పెట్టొద్దనేది ఇందుకే.

• ఫ్యూజ్ పదే పదే పోతోందని రాగి పోగు చుట్టడం, సిగరెట్ పెట్టె రేకు పెట్టడం వద్దే వద్దు. ఫ్యూజ్ పోతోందంటే అది ఏదో చెప్తోంది.

• డిక్కీలో లావు వైర్‌ని రెండు సన్న వైర్లుగా చీలిస్తే, ఒక్కో సన్న వైర్‌కి దాని లిమిట్ ప్రకారం విడి ఫ్యూజ్ ఉండాలి.

ఇంటి వైరింగ్ వైర్ వాడొచ్చా?

ఎలక్ట్రికల్ షాపులో 6 ఎంఎం వైర్ మంచి రాగితో దొరుకుతుంది, అది వేసేద్దామా అని చాలామంది అడుగుతారు. ఆ 6 ఎంఎం అంటే 6 చదరపు మి.మీ., దాదాపు 9, 10 గేజ్. చిన్న ఆంప్లిఫయర్‌కి, 30 ఆంపియర్ల ఫ్యూజ్‌తో కరెంట్ పరంగా సరిపోతుంది. కానీ ఇళ్ల కోసం చేసిన మామూలు పీవీసీ 70 డిగ్రీలది, బానెట్ కింద వేడికి, ఆయిల్‌కి, వైబ్రేషన్‌కి చేసింది కాదు. పోగులు కూడా లావు, పదే పదే ఊగితే తెగుతాయి.

లావు వైర్ కావాలంటే దీనికంటే మంచి ఆప్షన్ వెల్డింగ్ కేబుల్. 25, 35 చదరపు మి.మీ. సైజుల్లో దొరుకుతుంది. సన్నని పోగులు, రబ్బరు తొడుగు, బాగా వంగుతుంది. 25 అంటే 4 గేజ్ కంటే కొంచెం లావు, 35 అంటే దాదాపు 2 గేజ్. కొనేటప్పుడు రెండు మాటలు అడగండి: రాగిదేనా? వేడి, ఆయిల్ తట్టుకునే రకమేనా? అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా అమ్ముతారు, జాగ్రత్త.

ట్రాక్టర్, పికప్, లారీ వాళ్లకి

కారులో మైనస్ వైర్ పొట్టిగా బాడీకి కలిపేస్తాం కాబట్టి పొడవు ఒకవైపే లెక్కేశాం. ట్రాలీలో ఆంప్లిఫయర్ పెడితే అలా కుదరదు. ట్రాలీని కలిపే కొక్కెం మీద కరెంట్ నడపకూడదు, మైనస్ వైర్ కూడా బ్యాటరీ దాకా లాగాలి. అప్పుడు పొడవు డబుల్, డ్రాప్ డబుల్. 8 మీటర్ల దూరం అంటే 16 మీటర్ల వైర్. 4 గేజ్ రాగిలో 70 ఆంపియర్లకే 0.9 వోల్ట్ పోతుంది. ఇక్కడ 0 గేజ్ వేయాలి, లేదా ఆంప్లిఫయర్‌ని బ్యాటరీ దగ్గర పెట్టి స్పీకర్ వైర్లు పొడవుగా లాగాలి.

లారీలు 24 వోల్ట్‌లవి. 12 వోల్ట్‌ల ఆంప్లిఫయర్‌ని నేరుగా కలిపితే కాలిపోతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్ట్‌లు తీసుకునే అలవాటు ఉంది, అదీ మంచిది కాదు. ఒకటి దిగిపోతుంది, ఇంకోటి ఓవర్ ఛార్జ్ అవుతుంది. 24 నుంచి 12కి మార్చే కన్వర్టర్ పెట్టుకోండి.

ఫిట్టింగ్ చేయించేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి

• ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు వాషర్ ఉందా? రేకు అంచు తొడుగుని మెల్లగా కోసేస్తుంది.

• సీటు ముందుకీ వెనక్కీ జరిపితే వైర్ నలుగుతోందా?

• వైర్ పెట్రోల్ పైపుకి దూరంగా ఉందా? సీఎన్‌జీ కారు అయితే డిక్కీలో సిలిండర్, గ్యాస్ పైపుల పక్క నుంచి పోతోందా?

• మైనస్ వైర్ ప్లస్ అంతే లావు ఉందా? బోల్ట్ కింద పెయింట్ గీకి రేకు మీదే బిగించారా?

• పోగులు టెర్మినల్‌లో పట్టడం లేదని సగం కత్తిరించేశారా? కత్తిరిస్తే 4 గేజ్ వైర్ అక్కడ 7 గేజ్ అయిపోయినట్టే.

• పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీశారా?

అంతా అయ్యాక అరగంట గట్టిగా పాటలు పెట్టి, ఫ్యూజ్ హోల్డర్, టెర్మినల్స్, వైర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఓకే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆ రోజే ఆపేయండి. ఒక్కచోటే వేడిగా ఉంటే జాయింట్ లూజు, వైర్ మొత్తం వేడిగా ఉంటే సైజు చాలలేదు.

మా మాట

బడ్జెట్ తక్కువుంటే ఆంప్లిఫయర్‌లో ఒక మెట్టు దిగండి, వైర్‌లో దిగకండి. 300 వాట్స్ ఆంప్లిఫయర్‌కి సరైన రాగి వైర్, సరైన ఫ్యూజ్ వేస్తే, చవక కిట్ మీద నడిచే 500 వాట్స్ కంటే శుభ్రంగా మోగుతుంది. రేపు ఆంప్లిఫయర్ మార్చాలనుకున్నా, ఈరోజే 4 గేజ్ రాగి వేసి ఉంటే కార్పెట్ మళ్లీ లేపాల్సిన పని ఉండదు. కిట్ బాక్స్ మీద రాసిన వాట్స్‌ని నమ్మకండి. గీకండి, తూచండి, బల్బ్ పెట్టి కొలవండి, ఆ తర్వాతే బిగించండి.